నిండు కొలత ఉన్న కాబ్, కురచైన అమెరికన్ బ్యూటీ: ఒక ట్రిమ్మింగ్ కేసు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే ఒక కలెక్టర్ పోయిన చలికాలం నాకు రెండు పాత బేస్‌బాల్ కార్డులు తెచ్చిచ్చారు. రెండూ టీ206 సెట్‌లోవే. ఒకటి ఆ కాలపు పెద్ద పేరున్న ఆటగాడు టై కాబ్‌ది, ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ పోర్ట్రెయిట్, వెనక పీడ్‌మాంట్ సిగరెట్ ప్రకటన. రెండోది పెద్దగా పేరులేని ఆటగాడిది, వెనక అమెరికన్ బ్యూటీ సిగరెట్ ప్రకటన. ఒకే అమ్మకందారు దగ్గర, ఒకే లాట్‌లో కొన్నారు. గ్రేడింగ్‌కు, అంటే కార్డు పరిస్థితిని బట్టి అంకె వేయించడానికి పంపేముందు ఎవరైనా అంచులు కోశారేమో చూసిపెట్టమన్నారు.

ఆయనది కరీంనగర్. "అన్నా, కాబ్‌ది మంచిగనే ఉంది. స్కేలు పెట్టి చూసిన, కరెక్ట్ సైజు. గీ రెండోదాంతోనే టెన్షన్. పక్కకు కోసిండ్రు అనిపిస్తాంది" అన్నారు.

పరీక్షలో తేలింది దీనికి పూర్తి తలకిందులు. కొలత తగ్గిన కార్డు నిక్షేపంగా ఉంది. కొలత నిండుగా ఉన్న కాబ్‌కే కుడి అంచు కోసేశారు. ఈ హాబీలో కొత్తవాళ్ళు నూటికి తొంభై మంది స్కేలు దగ్గరే ఆగిపోతారు కాబట్టి ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

కార్డుల సంగతి

తెలియనివాళ్ళ కోసం కొంచెం. టీ206 అనేది అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 వరకు సిగరెట్ పెట్టెల్లో వేసి పంచిన సెట్. 520 పైచిలుకు కార్డులు. ఆ పేరు కంపెనీ పెట్టింది కాదు, తర్వాత జెఫర్సన్ బర్డిక్ అనే కలెక్టర్ ఇచ్చిన క్యాటలాగ్ నంబరు. చెప్పుకునే కొలత 1 7/16 అంగుళాల వెడల్పు, 2 5/8 అంగుళాల ఎత్తు. అంటే సుమారు 36.5 మి.మీ. × 66.7 మి.మీ. అరచేతిలో ఇమిడిపోతుంది. సిగరెట్ పెట్టెలో పట్టాలి కదా.

ట్రిమ్ ఎందుకు చేస్తారో చెప్పక్కర్లేదు. వందేళ్ళు చేతులు మారిన కార్డుకి మూలలు అరిగి గుండ్రమవుతాయి, అంచులు నలుగుతాయి. గ్రేడ్ పడిపోయేది అక్కడే. మిల్లీమీటరులో సగం కోసేస్తే మూల మళ్ళీ పదునుగా లేస్తుంది, గ్రేడ్ ఒకటి రెండు మెట్లు ఎక్కుతుంది, ధర అంతకంటే ఎక్కువ మెట్లు ఎక్కుతుంది. ఈ సెట్‌లోనే అత్యంత పేరున్న హోనస్ వాగ్నర్ కార్డు కథ ఇదే. 1991లో ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, ఆయన జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి దాన్ని సదబీస్ వేలంలో 4,51,000 డాలర్లకు కొన్నారు. పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ కంపెనీ గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు అదే, వచ్చిన గ్రేడ్ 8. 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ కార్డు అంచులు తానే కోశానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఫెడరల్ కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. కాబట్టి గ్రేడింగ్ కంపెనీ మూసి ఇచ్చే ప్లాస్టిక్ పెట్టెలో (స్లాబ్‌లో) ఉందన్నంత మాత్రాన నేను అంచు చూడటం మానను. ఈ కేసులో రెండు కార్డులూ స్లాబ్ లేకుండా విడిగానే వచ్చాయి, అది నా అదృష్టం. స్లాబ్‌లో ఉంటే అంచు మందం సగం కూడా కనబడదు.

మొదట వెనకవైపు

కొలిచే కాలిపర్ తీయకముందు కార్డు తిప్పి వెనక ఏ బ్రాండ్ ఉందో చూస్తాను. చాలామంది ముందు ముఖం చూస్తారు, తర్వాత కొలుస్తారు, చివరికి వెనక్కి తిప్పుతారు. టీ206 విషయంలో ఆ వరస తప్పు.

అమెరికన్ బ్యూటీ బ్యాక్ ఉన్న కార్డులు పుట్టుకతోనే సన్నం. మిగతా బ్రాండ్ల కార్డులకంటే వెడల్పులో సుమారు 1/16 అంగుళం, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు తక్కువ ఉంటాయి. ఆ బ్రాండ్ పెట్టెలు సన్నగా ఉండేవని, అందులో పట్టేలా కోశారని అంటారు. కారణం ఏదైనా, ఆకుపచ్చ సిరాతో అచ్చయిన ఆ వెనకవైపు కనబడగానే "వెడల్పు తక్కువుంది" అన్న నేరారోపణ సగం వీగిపోతుంది.

ఇక కొలతలు. అమెరికన్ బ్యూటీ వెడల్పు పైన 35.0, మధ్యలో 35.0, కింద 35.1 మి.మీ. ఎత్తు 66.6. కాబ్ వెడల్పు పైన 36.7, మధ్యలో 36.4, కింద 36.7. ఎత్తు 66.8.

ఒక్కచోట కొలిచి ఊరుకుంటే కాబ్ నిండు కొలత అనే అంటాం. మూడుచోట్ల కొలిస్తే నడుము దగ్గర 0.3 మి.మీ. లోపలికి పోయింది. ఇది నేరం కాదు, ఫ్యాక్టరీ కోతలోనూ ఇంత తేడా రావచ్చు. కానీ చేతి పేపర్ కట్టర్ మీద, స్కేలు ఆనించి బ్లేడుతో కోసినప్పుడు కార్డు మధ్యలో ఇలా లోపలికి పోవడం మామూలు. పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకుని ముందుకెళ్ళాను.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. నేను అమెరికా రాకముందు విజయవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కటింగ్ మిషన్ దగ్గర పనిచేశాను. షీట్లు దొంతరగా పేర్చి, పైన క్లాంపు బిగించి, బ్లేడు దించుతాం. బ్లేడు మొద్దుబారితే, క్లాంపు కాస్త వదులైతే కాగితం లోపలికి లాక్కుపోతుంది. దొంతరలో పైనున్న షీటుకీ అడుగునున్న షీటుకీ కొలత తేడా వస్తుంది. ఇవాళ్టి మిషన్ మీదే అలా ఉంటే 1910లో సిగరెట్ పెట్టెలో పడేసే బొమ్మకార్డు విషయంలో ఎవరు పట్టించుకుంటారు? అందుకే టీ206లో కురచ కార్డులే కాదు, కొలతకు మించినవీ ఉన్నాయి. కొలతకు మించిన కార్డు దొరికితే మిల్లీమీటరు కోసేసినా అది స్కేలు పరీక్ష పాసవుతుంది. కోసేవాళ్ళకి ఈ లెక్క బాగా తెలుసు. వాళ్ళు వెతికేదే అలాంటి కార్డుల్ని.

అంచు

ఎక్కువసేపు గడిపేది ఇక్కడే. పనిముట్లు పెద్దగా ఏమీ లేవు: నగల షాపులో వాడే, పదింతలు పెద్దగా చూపే లూప్ (చిన్న భూతద్దం), పక్కకి వంచగలిగే చిన్న టార్చి, మచ్చుకి నా దగ్గర ఉంచుకున్న చవకరకం పీడ్‌మాంట్ కార్డులు. ఆ మచ్చుకార్డులు మూలలు పోయి, మడతలు పడి ఉన్నాయి. అలాంటివాటి అంచు కోయాలని ఎవరికీ బుద్ధి పుట్టదు, అందుకే అవి నమ్మకస్తులు.

కటింగ్ మిషన్ బ్లేడు దొంతరలోకి దిగినప్పుడు ప్రతి కార్డుకీ ఒక గుర్తు పడుతుంది. కత్తిపీట మీద మునగకాడ కోస్తే కత్తి దిగినవైపు నున్నగా, బయటికొచ్చినవైపు పీచుగా ఉంటుంది చూడండి, అట్ట కూడా అంతే. బ్లేడు దిగినవైపు అంచు కాస్త లోపలికి వాలి ఉంటుంది, రెండోవైపు సన్నని నూగు లేస్తుంది. వందేళ్ళలో ఆ నూగు అరిగిపోతుంది, కానీ వాలు మిగులుతుంది. దానిమీద మురికి, చేతి నూనె పట్టి, గాలీ వెలుతురూ తగిలి అట్ట మందమంతా గోధుమరంగుకి తిరుగుతుంది.

కాబ్‌ను నిలువుగా పట్టుకుని పై అంచును లూప్ కింద పెడితే ఇవన్నీ ఉన్నాయి. కింది అంచులోనూ, ఎడమ అంచులోనూ అంతే. కుడి అంచు దగ్గరికొచ్చేసరికి కథ మారింది. అట్ట మందం మధ్యలో రంగు తేలిక. తెల్లగా మెరిసిపోవడం లేదు, నిన్న మొన్న కోసింది కాదు. కానీ మిగతా మూడింటి గోధుమరంగు దీనికి లేదు. టార్చి వెలుగును అంచు పొడవునా జార్చితే సన్నని మెరుపుగీత ఒకటి పైనుంచి కిందిదాకా తెగకుండా పరుగెత్తింది. పదునైన బ్లేడు పీచుని నొక్కుతూ పోతే వచ్చే మెరుపు అది. ఎడమ అంచు మీద అదే వెలుగు చెల్లాచెదురైంది.

మచ్చుకార్డుల మధ్యలో కాబ్‌ను పెట్టి, దొంతరను బల్లమీద తట్టి సరిచేసి, కుడివైపు నుంచి చూశాను. పాత అంచుల మధ్య కాబ్ అంచు లేతగీతలా విడిగా కనబడింది. దొంతర తిప్పి ఎడమవైపు చూస్తే ఏది కాబో, ఏది మచ్చో పోల్చుకోవడం కష్టమైంది. కలెక్టర్‌ని కూర్చోబెట్టి చూపించింది కూడా ఇదే. లూప్ కింద చూడటం అలవాటులేని కంటికి కూడా ఇది తెలుస్తుంది.

మూలలు కూడా అదే సాక్ష్యం చెప్పాయి. ఎడమ మూలలు రెండూ మెత్తగా అరిగి, పొరలు కాస్త విచ్చుకున్నాయి. కుడి మూలలు రెండూ తొంభై డిగ్రీలకు దగ్గరగా నిలబడి ఉన్నాయి. కార్డు జేబులో తిరిగినా, పిల్లల చేతుల్లో నలిగినా ఒకవైపు రెండు మూలల్ని మాత్రమే వదిలేసి రెండోవైపు రెండింటినీ అరగదీయడం జరగని పనేం కాదు, కానీ అరుదు.

ముందువైపు తెల్ల బార్డరు ఎడమనా కుడినా దాదాపు సమానం. టీ206లో ఇంత బాగా సెంటర్ అయిన కాబ్ దొరికితే సంతోషపడాలి, వెంటనే అనుమానమూ పడాలి. నా అంచనా ఏంటంటే, ఈ కార్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు కుడి బార్డరు వెడల్పుగా, మొత్తం కొలత కాస్త మించి ఉండి ఉంటుంది. ఒక్క కోతతో కుడి మూలల అరుగుదలా పోయింది, బొమ్మ మధ్యకీ వచ్చింది. ఇది అంచనా మాత్రమే కాబట్టి రిపోర్టులో ఆధారాల కింద రాయలేదు, విడిగా పెట్టాను.

మరక తేల్చిన సంగతి

రంగు తేడాకి వేరే కారణాలు ఉండొచ్చు. కార్డు ఏళ్ళతరబడి ఆల్బమ్‌లో ఒకవైపు లోపలికి దూరి ఉంటే ఆ అంచుకి గాలి తగలదు. ఎవరైనా రబ్బరుతో అంచు శుభ్రం చేసి ఉండొచ్చు. రబ్బరుతో రుద్దితే పీచు లేస్తుంది, మెరుపు రాదు, మూల పదునెక్కదు. అది పక్కన పెట్టేయొచ్చు. ఆల్బమ్ సంగతి అంత తేలిగ్గా కొట్టేయలేం.

కాబ్ వెనకవైపు కింది కుడి మూల దగ్గర పాత నీటిమరక ఒకటుంది. పీడ్‌మాంట్ నీలిసిరా అక్షరాల చివర్లని ఆనుకుని చంద్రవంకలా వంగిన గోధుమగీత. ఒక కొస కింది అంచుని తాకుతుంది, రెండో కొస కుడి అంచుని తాకుతుంది. అమ్మకం ఫొటోలో దీన్ని లోపంగానే చూపించారు, దాచలేదు.

నీళ్ళు తగిలిన అట్టలో ముందు పీల్చుకునేది కోసిన అంచే. ఆరేటప్పుడు మురికి మరక సరిహద్దు దగ్గర పేరుకుంటుంది. అంటే ఆ గీత అంచుని తాకిన చోట అట్ట మందం అంతటా మరక ఎక్కాలి. కింది అంచు దగ్గర లూప్ పెట్టి చూశాను: గీత వెనక తలం మీదనుంచి అంచు మీదికి తిరిగి, మందం అంతా ముదురుగా పట్టి, ముందువైపు బార్డరులో కూడా పెసరగింజంత నీడ వేసింది. కుడి అంచు దగ్గర అదే గీత వెనక తలం మీద అంచు దాకా వచ్చి ఆగిపోయింది. కోసిన మందం చూస్తే వెనకవైపు పైపొర మాత్రమే గోధుమరంగు, లోపలి అట్ట లేతగా ఉంది. ముందువైపు ఏ నీడా లేదు.

ఒకే మరక, ఒకేరోజు తగిలిన నీళ్ళు, ఒకే అట్ట. కింది అంచు ఆ నీళ్ళని తాగింది, కుడి అంచు తాగలేదు. నీళ్ళు తగిలిన రోజున ఆ కుడి అంచు అక్కడ లేదు, అసలు అంచు ఇంకా అవతల ఉంది. ఆల్బమ్‌లో దాగి ఉన్న అంచైతే రంగు తేలికగా ఉండొచ్చు గానీ, మరక కొసని ఇలా మధ్యలో తెంచలేదు. మరక పడ్డాక కోత పడింది.

ఎవరు కోశారు, ఏ ఏడు కోశారు అన్నది అంచు చెప్పదు. ఆ ప్రశ్న కలెక్టర్ అడిగారు, అమ్మకందారూ అడిగారు. ఇద్దరికీ అదే జవాబిచ్చాను.

అల్ట్రావయొలెట్ దీపం కింద కూడా చూశాను. అంచుకి రంగు పూశారా, మూలకి కొత్త కాగితం అతికించారా అన్నదానికి అది పనికొస్తుంది, ఎందుకంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాగితంలో వాడే తెల్లదనపు రసాయనాలు నీలంగా వెలుగుతాయి. కాబ్‌లో అలాంటిదేం లేదు. కోతని మాత్రం ఆ దీపం పట్టదు. ఆన్‌లైన్ వీడియోల్లో దాన్ని అన్నిటికీ మందులా చూపిస్తుంటారు గానీ, ట్రిమ్మింగ్‌కి టార్చి వెలుగే మేలు.

అమెరికన్ బ్యూటీ

దీనికి ఎక్కువసేపు పట్టలేదు. నాలుగు అంచులూ ఒకే రంగు. నాలుగు మూలలూ ఒకే తీరు అరుగుదల. ఎడమ, కుడి అంచులు రెండింట్లోనూ బ్లేడు దిగిన వాలు ఉంది. మెరుపుగీత లేదు. మూడుచోట్లా వెడల్పు దాదాపు ఒక్కటే. పక్క బార్డర్లు రెండూ సన్నగా ఉన్నాయి, కానీ ఈ బ్రాండ్‌లో అలాగే ఉంటాయి. ఎవరో పక్కన కోశారని భయపడటానికి కారణం ఒక్కటంటే ఒక్కటీ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ బ్రాండ్ సన్నమని తెలిసినవాళ్ళు "అమెరికన్ బ్యూటీ కదా" అని అంచు చూడకుండా వదిలేస్తారు. ఆ నమ్మకాన్ని వాడుకుని దీన్నీ కోయొచ్చు. బ్యాక్ చూసి వెడల్పు తగ్గడాన్ని క్షమించవచ్చు, అంచు పరీక్షని మాత్రం మినహాయించకూడదు.

వేరే సెట్‌లకి ఈ లెక్కలన్నీ యథాతథంగా పనికిరావు. ఉదాహరణకి, కెనడాకి చెందిన ఓ-పీ-చీ కంపెనీ కార్డుల్లో చిరిగినట్టుండే గరుకు అంచు ఫ్యాక్టరీదే; అక్కడ నున్నటి అంచు కనబడితేనే నేను ఉలిక్కిపడతాను. టాప్స్ కంపెనీ 1952 కార్డు పెద్దది, 2 5/8 × 3 3/4 అంగుళాలు. ఏ సెట్ కార్డు చూడాలంటే ఆ సెట్ చవక కార్డులు నాలుగు ముందు చేతిలో ఉండాలి.

రిపోర్టు, ఆ తర్వాత

కాబ్ గురించి రాసింది ఇది: కార్డు అసలైనది, రీప్రింట్ కాదు, కుడి అంచు ఫ్యాక్టరీ తర్వాత కోసినది, ఆధారాలు అంచు రంగు, మెరుపు, మూలల తేడా, మధ్యలో వెడల్పు తగ్గడం, మరక తెగడం. వీటిలో మొదటి నాలుగింటిని బలమైన సూచనలు అన్నాను, మరకని మాత్రం రుజువు అన్నాను. మరక లేకపోయి ఉంటే "కోసి ఉండే అవకాశం చాలా ఎక్కువ" అని రాసేవాణ్ణి, అంతకుమించి కాదు. రిపోర్టులో ఆ తేడా ఉండాలి, ఎందుకంటే దాన్ని పట్టుకుని డబ్బు వెనక్కి అడిగేది కలెక్టర్, జవాబు చెప్పుకోవాల్సింది ఇంకొకరు.

అమ్మకందారు మొదట ఊహించినట్టే స్కేలు పక్కన పెట్టిన ఫొటో పంపాడు, కొలత నిండుగా ఉందిగా అని. తాను కూడా ఒక పాత కలెక్షన్‌తో పాటు కొన్నానన్నాడు. అది నిజమే అయ్యుండొచ్చు. మరక దగ్గర తీసిన రెండు దగ్గరి ఫొటోలు, కింది అంచుదీ కుడి అంచుదీ పక్కపక్కన పెట్టి పంపాక స్కేలు మాట మళ్ళీ ఎత్తలేదు.

కలెక్టర్ రెండింటినీ గ్రేడింగ్‌కు పంపారు. అమెరికన్ బ్యూటీకి మామూలుగా అంకె గ్రేడ్ వచ్చింది. కాబ్‌కి అంకె లేదు, "అథెంటిక్ ఆల్టర్డ్", అంటే అసలైనదే గానీ మార్చినది అని లేబుల్ వచ్చింది. ఆ లేబుల్ ధరకీ తాను కట్టిన ధరకీ ఉన్న తేడాలో ఎక్కువ భాగం అమ్మకందారు తిరిగిచ్చాక కాబ్‌ను తనే ఉంచుకున్నారు. కోసినదైనా కాబ్ కాబే అంటారాయన.

అమెరికన్ బ్యూటీని ఇప్పుడు అమ్మకానికి పెట్టారు. కొనడానికొచ్చే ప్రతి ఇద్దరిలో ఒకరు వెడల్పు తక్కువుందేంటి, కోశారా అని మెసేజ్ పెడుతున్నారట. నా రిపోర్టు రెండో పేజీ ఫొటో తీసి పెట్టుకున్నారు, అడిగినవాళ్ళందరికీ అదే పంపుతున్నారు.